నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వాణిజ్య రేడియో

సిలోన్ అనేది ఒక ద్వీపమని మాకు భూగోళ పాఠంలో తెలియవచ్చింది. అంతకు ఎంతో ముందే అది రేడియో అని తెలుసు. దేవరకొండ తాలూకాలోని మా పల్లెలో "సిలోను పెట్టు" అంటే పాటలు పెట్టమని అర్థం. "హైద్రాబాదు పెట్టు" అంటే వార్తలు, ధరవరలు, పెద్దల మాటలు. పాటలకు ఒక ఊరు, మాటలకు ఒక ఊరు అన్న ఈ విభాగం ఎవరు చేశారో, ఎందుకు చేశారో చాలాకాలం నేను ఆలోచించలేదు. ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికి, ఆ సంగతులు కొంత కూర్చుకొన్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. నల్లగొండలోగాని, మహబూబ్‌నగరులోగాని ఇంతవరకు ప్రైవేటు వాణిజ్య రేడియో కేంద్రం పుట్టలేదు. కాబట్టి ఈ చరిత్ర కేంద్రాన్ని నడిపినవారి చరిత్ర కాదు, విన్నవారి చరిత్ర. ఎక్కడెక్కడి గాలో మోసుకొని వచ్చిన గొంతులను మా ఎత్తునేల పల్లెలు ఎట్లా విన్నాయి, వాటిలో తమ ఊసు ఎంత ఉన్నదని వెదకినాయి అన్నదే విషయం.

హైదరాబాదు రాజ్యంలో రేడియో మొదట సర్కారు పనిగా మొదలుకాలేదు. తంతి తపాలా శాఖలో పనిచేసే మహబూబ్ అలీ అనే ఆయన 1930ల తొలినాళ్ళలో చిరాగలీ గల్లీలో 200 వాట్ల చిన్న ప్రసారయంత్రాన్ని స్వంతంగా నెలకొల్పుకొన్నాడు. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకొన్నది. అంటే దక్కన్ రేడియోకు మూలపురుషుడు ఒక ఔత్సాహికుడన్నమాట! 200 వాట్ల శక్తి నగరం దాటి ఎంతో దూరం పోదు. 1939లో సరూర్‌నగరులో 5 కిలోవాట్ల యంత్రం పెట్టిన తరువాతనే అది జిల్లాల వైపు చూడగలిగింది. ఉర్దూలో ఆ శాఖకు 'లాసిల్కీ' అని పేరు. సిల్కు అంటే తీగ, లా అంటే లేదు, తీగ లేనిది. 'నిస్తంత్రి' అని మనం చేసుకొన్న మాటకు సరిగ్గా సమానం. అక్కడి పండితులూ మన పండితులూ ఒకే తోవన నడిచారు గాని, పల్లె మాత్రం ఇద్దరినీ వదిలి 'రేడియో' అన్నది.

దక్కన్ రేడియోలో ఉర్దూదే పెద్దపీట. తెలుగు, మరాఠీ, కన్నడాలకు కొంత కొంత కాలం కేటాయించేవారు. రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువారైనా వారి భాషకు దక్కినది ఆ కొంతే. పల్లెల్లో సెట్టు ఉంటే గింటే దేశముఖుల గడీలోనో, పెద్ద పట్వారీ ఇంటనో ఉండేది. కరెంటు లేని ఊళ్ళలో ఇటుకంత బ్యాటరీ పెట్టి వాల్వు సెట్టు నడపాలి. అది ఎవరి తరమయ్యే పని కాదు.

1948 వేసవి నుంచి ఆ రేడియోలో రజాకార్ల నాయకుని ఉపన్యాసాలు మారుమోగినాయి. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. బెజవాడ వైపు నుంచి వచ్చిన దళం మునగాల మీదుగా సూర్యాపేట చేరేటప్పటికి మూసీ వంతెనను కూల్చివేసి ఉంచారు. 17వ తేదీన నిజాం తానే రేడియోలో మాట్లాడి పోరు ఆపినట్లు ప్రకటించాడు. తరతరాల రాజ్యం ముగిసిందన్న కబురు ఒక మైకు ముందు నుంచి వెలువడటం మన చరిత్రలో అదే మొదలు. మా నాయన చెప్పేవారు: ఆ కబురు మా ఊరికి రేడియోలో రాలేదు, మూడోనాడు కాలినడకన వచ్చింది. గడీలో సెట్టు ఉన్నది గాని, గడీలోని వారు అప్పటికే పట్నం చేరుకొన్నారు. తాళం వేసిన గదిలో రేడియో మూగగా కూర్చున్నదట.

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసింది. అంతకు ముందే, 1948 డిసెంబరు 1న, విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. మద్రాసు కేంద్రం 1938 నుంచే ఉన్నది. ఇక తెలుగువారికి రేడియో కరువు తీరినట్లే అనుకోవాలి. కాని అప్పుడే మరొక కరువు వచ్చింది.

1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖామాత్యులయ్యారు. ఆయన శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాట జనం అభిరుచిని చెరుపుతున్నదని ఆయన నమ్మకం. నిర్మాతలతో వచ్చిన తగవు కూడా తోడై, ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు కనుమరుగైంది. (హార్మోనియం పెట్టెనైతే ఆకాశవాణి 1940 నుంచే బహిష్కరించింది. మా భజన మండలి వారు ఈ సంగతి తెలిసి, దేవుడు వినేదానిని సర్కారు వినదా అని ఆశ్చర్యపోయారు.) కేస్కర్‌గారి ఉద్దేశం చెడ్డదని నేను అనను. ఆయన వల్ల ఎందరో విద్వాంసుల గానం ఇంటింటికీ చేరింది. కాని వద్దన్న పాట ఆగిపోలేదు, సముద్రం అవతలికి పోయి కూర్చున్నది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా సైనికుల వినోదానికై సిలోనులో శక్తిమంతమైన లఘుతరంగ ప్రసారయంత్రం నెలకొల్పారు. యుద్ధం ముగిశాక అది ఆ దేశానికి దక్కింది. 1950 ప్రాంతంలో క్లిఫర్డ్ డాడ్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు దానిమీద వాణిజ్య విభాగాన్ని తీర్చిదిద్దాడు. భారతదేశంలో ప్రకటనలకు చోటులేని వ్యాపారులంతా అక్కడికి పరుగెత్తారు. 1952 చివరి నుంచి బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు అమీన్ సయానీ గొంతులో బినాకా గీత్‌మాలా దేశమంతటినీ కట్టిపడేసింది. హిందీ రాని మా అవ్వలు సైతం ఆ గొంతును గుర్తుపట్టేవారు.

ఇక్కడ ఒక సాంకేతిక విశేషం ఉన్నది. మధ్యతరంగం పగటివేళ నేలను అంటిపెట్టుకొని ప్రయాణిస్తుంది, దూరం పెరిగిన కొద్దీ సన్నగిలుతుంది. లఘుతరంగం ఆకాశానికి ఎగిరి, పై వాతావరణంలోని విద్యుదావేశపు పొరకు తగిలి, వందల క్రోసుల అవతల నేలమీద వాలుతుంది. అందుచేతనే నూరు కిలోమీటర్ల దూరంలోని రాజధాని కంటె కడలి దాటిన కొలంబో మాకు స్పష్టంగా వినబడేది. కాకపోతే అల వచ్చి పోయినట్లు పాట దగ్గరికి వచ్చి దూరమయ్యేది. చరణం మధ్య మాయమైన మాటలను మేము ఊహతో పూరించుకొనేవాళ్ళం. నేను తొలిసారి సమస్యాపూరణం చేసింది అవధాన సభలో కాదు, సిలోను రేడియో ముందు.

సిలోనులో తెలుగుకూ కొంత వేళ ఉండేది. మీనాక్షి పొన్నుదురై అనే ఆమె తెలుగు పాటలు వినిపించేవారు. ఆ పేరు మా తరం వారికి ఇంటిపేరంత పరిచితం. ఎక్కడి కొలంబో, ఎక్కడి డిండి వాగు ఒడ్డు! ఆమె పాటకు ముందు చిత్రం పేరు, పాడినవారి పేర్లు తీరికగా చెప్పే పద్ధతి మాకు ఎంతో గౌరవంగా తోచేది. ఘంటసాల, లీల, సుశీల అన్న పేర్లు మా పల్లె బడి పిల్లలకు వచ్చింది ఆ విధంగానే, సినిమా చూసి కాదు. సినిమా చూడాలంటే దేవరకొండకు బండి కట్టాలి.

ఢిల్లీ వారు తమ పొరపాటు గ్రహించక పోలేదు. 1957 అక్టోబరు 3న వివిధభారతి పేరుతో వినోద ప్రసారాలు మొదలుపెట్టారు. అయినా ప్రకటనలకు మరి పదేళ్ళు పట్టింది. 1967 నవంబరు 1న బొంబాయి, పుణె, నాగపూరులలో వాణిజ్య ప్రసారాలు ఆరంభమైనాయి. ఆపైన ఒక్కొక్క నగరానికి విస్తరించి, 1970లలో హైదరాబాదు, విజయవాడలు కూడా "ఆకాశవాణి, వివిధభారతి వాణిజ్య ప్రసార విభాగం" అని పలికాయి. 'వాణిజ్యం' అన్న సంస్కృత పదం మా ఊరి కోమటి అంగడి దాకా వచ్చింది ఈ ఒక్క వాక్యం మూలాననే. అప్పటిదాకా అది బేరమే.

ఆ విభాగపు నడక ముచ్చటైనది. ప్రకటనను క్షణాల లెక్కన అమ్మేవారు: 7, 10, 15, 30 సెకన్లు. మొత్తం ప్రసార కాలంలో ప్రకటనలు నూటికి పది పాళ్ళు మించరాదని నియమం. పొగాకు, మద్యం ప్రకటనలకు ప్రవేశం లేదు. బీడీలు చుట్టే చేతులతో రేడియో వినే ఊళ్ళలో బీడీ ప్రకటన ఒక్కటీ రాకపోవడం ఒక వింత. హిందీ కార్యక్రమాలు చాలావరకు ముద్రించిన టేపులుగా కేంద్రాలకు వచ్చేవి. తెలుగు పాటలు, ప్రకటనలు ఇక్కడ చేర్చుకొనేవారు. కొత్త చిత్రం విడుదలకు ముందు పావుగంటసేపు ఆ చిత్రంలోని సంభాషణలు, పాటల ముక్కలు వినిపించి కథ అడ్డం తిరిగేచోట ఆపేవారు. ఆ పావుగంట విని, చూడని సినిమాల కథలన్నీ మేము పూర్తిచేసుకొన్నాం. తరువాత చూస్తే మా కథలే బాగున్నాయి, కొన్ని చిత్రాల విషయంలో నిక్కంగా బాగున్నాయి.

అయితే వాణిజ్య విభాగపు యంత్రాలు నగరాన్ని ఉద్దేశించినవి. సబ్బు కొనేవాడు, టూత్‌పేస్టు కొనేవాడు నగరంలో ఉంటాడు గాని దేవరకొండలోనో, అచ్చంపేటలోనో ఉండడని లెక్క. వేపపుల్లతో పళ్ళు తోమే ఊరికి గాలి పొడవునా ప్రకటనను పంపడం దండుగ కదా! అందుచేత హైదరాబాదు ప్రధాన కేంద్రం గట్టిగా వినవచ్చినా, వివిధభారతి మాకు గాలివాటుగానే వచ్చేది. ఇంటి కప్పు మీద రాగితీగ కట్టి, దాని కొసను ట్రాన్సిస్టరుకు చుట్టి, ఒకడు సెట్టును దక్షిణానికి తిప్పుతూ, మరొకడు తీగ పట్టుకొని నిలబడితే పాట నిలిచేది. తీగ పట్టుకొన్నవాడు కదిలితే పాట పోయేది. ఎవడు కదలకుండా నిలబడాలన్నదాని మీద స్నేహాలు చెడిన సందర్భాలున్నాయి.

ట్రాన్సిస్టర్లు మా ఊళ్ళకు ఎట్లా వచ్చాయన్నది చరిత్రకారులు పట్టించుకోని విషయం. కొన్ని పెళ్ళి కట్నాలుగా వచ్చాయి. చాలా భాగం వలస కూలీల భుజాన వచ్చాయి. పాలమూరు కూలీలు లేని ఆనకట్ట దేశంలో లేదంటారు. నల్లగొండ జిల్లాలోనే నాగార్జునసాగరానికి 1955లో పునాది పడింది, 1967లో కాలువలకు నీరు వదిలారు. ఆ రాళ్ళు మోసినవారిలో, ఆ తరువాత మరెక్కడెక్కడో మట్టి తవ్వినవారిలో, సంవత్సరాంతానికి ఊరికి తిరిగివచ్చే మనిషి చేతిలో తోలు సంచీ తొడిగిన ట్రాన్సిస్టరు ఉంటే, అది ఆ ఏడాది మిగులు. దానికి తపాలా కార్యాలయంలో ఏటేటా లైసెన్సు రుసుం కట్టాలన్న చట్టం ఒకటుండేది. ఆ సంగతి తనిఖీ అధికారి వచ్చేదాకా ఎవరికీ తెలిసేది కాదు. వస్తున్నాడని తెలిస్తే ఊరి రేడియోలన్నీ గడ్డివాముల్లోకి పోయేవి. 1980ల దాకా ఆ బెడద తప్పలేదు.

జనరంజని అనే కార్యక్రమం గురించి చెప్పాలి. శ్రోతలు కోరిన సినిమా పాటలవి. పాటకు ముందు కోరినవారి పేర్లు, ఊళ్ళ పేర్లు చదివేవారు. హిందీలో ఝుమ్రీ తలైయా అనే చిన్న పట్టణం పాటలు కోరి కోరి దేశమంతటా పేరుపొందింది. అక్కడ అభ్రకపు గనులున్నాయని ఎవరికీ తెలియదు, పాటలు కోరే జనం ఉన్నారని అందరికీ తెలుసు. మా ఆశా అదే. పటంలో చుక్కగా కూడా లేని మా ఊరి పేరు ఒక్కసారి గాలిలో వినబడాలి. 1973లో మేము నలుగురం పది పైసల కార్డు కొని, నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని నా చేత రాయించి, పాట పేరు కంటె ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాసి పంపాం. ఆ పైన రెండు నెలలు ఒక్క రోజు వదలకుండా విన్నాం. ఊళ్ళ పేర్లు వచ్చేవి. గుంటూరు, తెనాలి, ఏలూరు, సికింద్రాబాదు. నల్లగొండ ఒకటి రెండుసార్లు వచ్చింది. కల్వకుర్తి ఒకసారి వచ్చింది, అదీ కొంత వంకరగా. మేము మానుకొన్నాం. మానుకొన్న పదిరోజులకు హైదరాబాదులో ఉండే మా మేనమామ ఉత్తరం రాశాడు: మొన్న మంగళవారం రేడియోలో మీ నలుగురి పేర్లు విన్నాను, ఊరి పేరు కూడా చెప్పినారు, సంతోషం. ఆ మంగళవారం మా సెట్టులో మసాలాలు అయిపోయి ఉన్నాయి. (బ్యాటరీలను మావైపు మసాలా అనేవారు.) ఆ ఉత్తరం ఊరంతా చదివారు. మా ఊరి పేరు రేడియోలో వచ్చిందని ఈనాటికీ మా ఊరివారు చెప్పుకొంటారు, విన్నవారు మాత్రం ఊళ్ళో ఒక్కరూ లేరు.

ఇక భాష విషయం. ఇది రాయడానికి నాకు కొంత జంకు ఉన్నది.

రేడియో తెలుగు చక్కని తెలుగు. స్పష్టమైన ఉచ్చారణ, ఒత్తులు తప్పని పలుకు, విరామం తెలిసిన వాక్యం. బాలానందంలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు పిల్లలతో మాట్లాడిన తీరు, కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, రాంబాబు, ఏకాంబరం వాదులాడుకొనే తీరు మా ఇళ్ళలో అనుకరించని పిల్లలు లేరు. తెలుగు పండిత శిక్షణలో మాకు వ్యాకరణం నేర్పారు, పలుకు మాత్రం నేను రేడియో నుంచే నేర్చుకొన్నాను. నేర్చుకొని దానిని బడికి తీసుకొనిపోయాను. పిల్లవాడు 'వచ్చిండు' అంటే 'వచ్చాడు' అని దిద్దాను. 'పోతున్న' అంటే 'వెళుతున్నాను' అన్నాను. 'రేడియోలో అట్లా మాట్లాడతారా?' అన్నది నా ప్రమాణ వాక్యం. ఇండ్లు, పండ్లు, కండ్లు అన్న రూపాలు కవిత్రయం నుంచి వచ్చిన గట్టి రూపాలని నాకు తెలుసు. తెలిసీ రేడియో మాటనే ప్రమాణంగా పెట్టుకొన్నాను. తెలంగాణలో కవులే లేరన్న మాటకు బదులుగా మా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారని ఒక గంటలో పాఠం చెప్పి, మరుసటి గంటలో అదే నేల పిల్లల మాటను ఎర్ర సిరాతో కొట్టివేసేవాడిని. ఈ రెంటికీ పొసగదని నాకు అప్పుడు తోచలేదు.

తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు 'నాకు నచ్చిన రోజు' అనే వ్యాసంలో, తండ్రి బొంబాయి నుంచి రేడియో తెచ్చిన రోజు గురించి రాశాడు. రెండు పుటలు. అందులో పదహారుచోట్ల నా ఎర్ర గీతలు పడ్డాయి. మార్కులు పదికి మూడు. వాడు మళ్ళీ ఎప్పుడూ రెండు పుటల వ్యాసం రాయలేదు. సంఖ్య ఇంత కచ్చితంగా ఎట్లా గుర్తున్నదంటే, వాడే గుర్తుచేశాడు, ఆ సంగతి చివరకు వస్తుంది.

రేడియో వెలుగు తగ్గడానికి టీవీ కారణమని అందరూ అంటారు. మా వైపు టీవీ కథ కూడా చిత్రమైనదే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ద్వారా దేశంలోని 2400 పల్లెలకు టీవీ చూపిన ప్రయోగంలో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ ఉన్నాయి. హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో వచ్చింది. అంటే రాజధాని కంటె ముందు పాలమూరు పల్లె టీవీ చూసింది! ఏడాది కాగానే ఉపగ్రహాన్ని పక్కకు తిప్పుకొన్నారు, పెట్టెలు మూగపోయాయి. మాకు ముందు చూపించి తరువాత తీసివేయడం అలవాటైన విషయమే.

1980ల చివర, 90ల మొదట ఆకాశవాణి స్థానిక కేంద్రాలు పెట్టినప్పుడు ఆదిలాబాద్, కొత్తగూడెం, నిజామాబాద్, వరంగల్‌లకు వచ్చాయి. మా రెండు జిల్లాలకు రాలేదు. రాజధానికి దగ్గరివారు, హైదరాబాదు వినబడుతుంది కదా అన్నది బహుశా లెక్క. దీపం కింద చీకటి.

1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు తెరచిన దారిలో ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు వచ్చాయి. 2006లో హైదరాబాదులో మిర్చి, సిటీ వంటివి మొదలైనాయి. వివిధభారతి కూడా 102.8 మీద ఎఫ్.ఎం.లోకి మారింది. ఎఫ్.ఎం. తరంగం చూపు మేర పోయేది, కొండ అడ్డమైతే ఆగేది. బస్సులో వస్తుంటే చౌటుప్పల్ దాటాక ఒకవైపు, షాద్‌నగర్ దాటాక మరొకవైపు పాటలో గరగర మొదలయ్యేది. నగరం ఎక్కడ ముగుస్తుందో మైలురాయి అక్కరలేకుండా తెలిసేది. ఆ కేంద్రాల తెలుగు నాకు మొదట మింగుడుపడలేదు. సగం ఇంగ్లీషు, గుక్కతిప్పుకోని వేగం. కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. వాటిలో ఫోను చేసిన శ్రోత తన మాటలో తాను మాట్లాడేవాడు, దిద్దేవాడు లేడు. కార్డు చదివినప్పుడు ఊరి పేరు మాత్రమే వచ్చేది, ఫోనులో ఊరి మాట కూడా వచ్చింది. ఆకాశవాణి మర్యాద ఇవ్వలేనిది ఆ అల్లరి ఇచ్చింది.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మరి 234 పట్టణాలలో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. ఛానళ్ళ వేలానికి అనుమతించింది. ఆ జాబితాలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పేర్లున్నాయి. వేలంలో పాడేవారెవరో, ప్రకటనలిచ్చే వ్యాపారం ఇక్కడ ఎంత ఉన్నదో చూడాలి. ప్రైవేటు కేంద్రాలకు స్వంత వార్తలు చెప్పే హక్కు ఇప్పటికీ లేదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా వినిపించవచ్చు. వాతావరణం, నీటి సరఫరా, కరెంటు కోత, పరీక్షల సమాచారం వంటివి మాత్రం చెప్పుకోవచ్చు. మా జిల్లాలకు అదే గొప్ప. మిర్యాలగూడ ధాన్యం లారీల వరుస ఎంత పొడవున్నదో, ఏ పల్లెకు మంచినీరు రాలేదో ఆ ఊరి పేరు సరిగా పలికే గొంతు చెబితే వినేవారు వింటారు.

పోయిన సంక్రాంతికి ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. ఇప్పుడు నలభై దాటినవాడు, పట్నంలో కారు నడుపుతాడు. రాత్రిళ్ళు ఎఫ్.ఎం.కు ఫోను చేయడం అలవాటట. ఒక రాత్రి మాట్లాడినదాన్ని స్నేహితుడు ఫోనులో పట్టి ఉంచాడని నాకు వినిపించాడు. తండ్రి రేడియో తెచ్చిన కథే. "మా బాపు బొంబాయికెల్లి రేడియో తెచ్చిండు" అని మొదలుపెట్టి, ఊరి పేరు ఒత్తి పలికి, నాలుగు నిమిషాలు చెప్పాడు. అవతలి అమ్మాయి మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"పదారు తప్పులు గీసినవు సార్ అప్పుడు. ఇండ్ల ఎన్నున్నయో చూస్తవా?" అన్నాడు నవ్వుతూ.

మళ్ళీ పెట్టమన్నాను. రెండోసారి విన్నప్పుడు నేను లెక్కపెట్టలేదు.